మెడల మేడమ్ చూడని వీడియో

ఆసుపత్రివాళ్ళు ఆమె చేతులు ఉంచుకుని ఆమెను పంపేశారు. మాట బాగుంటుందని రాయడం లేదు, జరిగింది అదే. కొందరు పసిపిల్లలకు పుట్టుకతోనే మెడలో ఒక పక్క కండరం బిగుసుకుపోయి ఉంటుంది. తల ఆ పక్కకు ఒరిగిపోతుంది, గడ్డం రెండో పక్కకు తిరిగిపోతుంది. ఆ కండరాన్ని రోజూ కొద్దికొద్దిగా సాగదీసి మెడను దారిలోకి తెచ్చే పని ఆ ఆసుపత్రిలో ఆమె ఒక్కతే చేసేది. మిగిలిన ఫిజియోథెరపిస్టులందరూ పెద్దవాళ్ళ మోకాళ్ళ దగ్గరే ఉండిపోయారు. మోకాళ్ళు గుక్కపట్టి ఏడవవు.

ఒకరోజు ప్రచార విభాగంవాళ్ళు కెమెరా తెచ్చి, ఆమె భుజం వెనకనుంచి, ఒక పాప మెడకు ఆమె వ్యాయామం చేయించడం మొత్తం తీసుకున్నారు. చేతులు మాత్రమే. ముఖానికి వేరే గదిలో ఒక కుర్ర డాక్టరును కూర్చోబెట్టారు. పసిపిల్ల మెడ అతను జన్మలో పట్టుకుని ఎరగడు, కానీ పలువరస బాగుంటుంది. అతను నవ్వుతూ చెబుతూంటే మధ్యమధ్య ఈమె చేతులు కనిపిస్తాయి. ఇంట్లోనే చేసుకోండంటూ దాన్ని జనం ఫోన్లలోకి వదిలారు. కొన్నాళ్ళకు తల్లులు వచ్చి, రోజూ చేస్తున్నా మెడ తిన్నబడడం లేదని, ఇంకా బిగుసుకుంటోందని గొడవకు దిగారు. సూపరింటెండెంటు విచారణ జరిపాడు. విచారణ అంటే ఏసీ కింద కూర్చుని "ఈ చేతులు ఎవరివి?" అని అడగడం. పొగడ్తలప్పుడు ఎవరికీ గుర్తురాని చేతులు నింద దగ్గరికి వచ్చేసరికి అందరికీ గుర్తొచ్చాయి. ఆమె పద్ధతే తప్పని తేల్చి ఉద్యోగం తీసేశారు. ఆ తప్పు పద్ధతి ఉన్న వీడియోను మాత్రం తీసేయలేదు. చాలామంది చూస్తున్నారట, ఆసుపత్రికి మంచి పేరట.

ఆమె ఒక లాండ్రీ పైన గది అద్దెకు తీసుకుంది. నిటారుగా ఉన్న ఇనప మెట్లు, మెట్లెక్కగానే ఆకుపచ్చ రెగ్జిను వేసిన ఎత్తు బల్ల, గోడకు చుట్టలుగా నిలబెట్టిన చాపలు. కింద బట్టలకు ఆవిరి ఇస్త్రీ చేసే యంత్రం ఉండుండి ఉస్సుమనేది. బల్ల మీద పడుకోబెట్టిన పిల్లలు ఆ చప్పుడు వైపు తల తిప్పుతారని కనిపెట్టి, ఏ పిల్లకు ఎటు తిరగడం కష్టమో చూసుకుని, ఆ పక్క మెట్ల వైపు వచ్చేలా పడుకోబెట్టేది. లాండ్రీవాడు మంచివాడేమీ కాదు. పిల్లల ఏడుపు వల్ల తన గిరాకీ పోతోందని రోజూ సణిగేవాడు. "నీ ఇస్త్రీ వల్ల పోతోంది, నా పిల్లల వల్ల కాదు" అని ఆమె పైనుంచే జవాబిచ్చేది. భర్త వేరే ఊళ్ళో ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సెలవులకు వచ్చి ఆమె చేత తిట్లు తిని, గ్యాస్ బండ మార్చి వెళ్ళిపోయేవాడు. ఆసుపత్రి రోజులనుంచే తల్లులు ఆమెను మెడల మేడమ్ అనేవాళ్ళు, ఆమె వినకుండా.

ఆమె మంచిది అని చెప్పడానికి నాకు నోరు రాదు. లోకంలో ఆమెకు నచ్చే ప్రాణులు పలుకు రాని పిల్లలు మాత్రమే. పలుకు వచ్చిన రోజునుంచి మనిషి చెడిపోవడం మొదలవుతుందని ఆమె అభిప్రాయం. తల్లులు సోమరిపోతులు, తండ్రులు ఫోటోగ్రాఫర్లు, అమ్మమ్మలూ నాయనమ్మలూ ఆడిందే ఆట. నిజానికి నాకూ దాదాపు అదే అభిప్రాయం కాబట్టి మొదట్లో ఆమె నాకు బాగా నచ్చింది.

మేం ఆమె దగ్గరికి వెళ్ళింది మా అక్క కొడుకు కోసం. వాడి తల ఎడమ భుజం మీదికి వాలిపోయి ఉండేది, చూపు ఎప్పుడూ కుడి గోడ మీదే. మెడ మీద వేలితో తడిమితే లోపల తాడులా గట్టిగా తగిలేది. అక్క ఆ సంగతి అంటే ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

"ఆలోచిస్తున్నాడే వాడు! అచ్చం వాళ్ళ తాత పోలిక. ఆయనా ఇలాగే తల వాల్చి ఆలోచించేవారు" అనేది అక్క అత్తగారు. ఆ తాతగారు మధ్యాహ్నం కునుకు గురించి తప్ప దేని గురించీ ఆలోచించినట్టు ఆధారాలు లేవు.

మా బావ ఫోన్ మీద బొటనవేలు ఆడిస్తూ, "దానంతట అదే పోతుందట. ఇక్కడ రాశారు" అనేవాడు. ఫోన్‌లో రాసి ఉంటే తన పేరు కూడా మార్చుకునే మనిషి.

చివరికి పిల్లల డాక్టరు తల కూడా ఒక పక్క చదునవుతోందని చూపించి, వ్యాయామంతో ఏడాది నిండేలోపు మెడ తిరగకపోతే కోసి కండరాన్ని వదులు చేయాల్సి వస్తుందని చెప్పాడు. అప్పటికి వాడికి ఐదో నెల. కోయడం అనే మాట వినగానే బావ ఫోన్ జేబులో పెట్టాడు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి అనుకుంటా.

మొదటి రోజు మెడల మేడమ్ వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, తాను వాడి తల వైపు నిలబడింది. ఎడమ చేత్తో వాడి ఎడమ భుజం కదలకుండా అదిమి, కుడి చెయ్యి తల కింద పెట్టి, కుడి చెవి కుడి భుజానికి తగిలేలా మెల్లగా వంచింది. వాడు మొదట ఆశ్చర్యపోయాడు, తర్వాత మేడ ఎగిరిపోయేలా అరిచాడు. అక్క కళ్ళలో నీళ్ళు.

"ఏంటమ్మాయ్, వాడికి నొప్పి, నీకు ఏడుపా? ఇద్దరూ ఏడిస్తే పని ఎవరు చేస్తారు?"

"చిన్నపిల్లాడు కదా మేడమ్..."

"చిన్నపిల్లాడు కాబట్టే వంగుతున్నాడు. ఇదిగో, మీ తమ్ముడి మెడ చూడు, ఎప్పుడో బిగుసుకుపోయింది. దాన్ని వంచడం నా వల్ల కూడా కాదు." నా వైపు తిరిగి, "ఏమయ్యా మేనమామా, ఊరికే నిలబడకపోతే ఆ డబ్బా తీసి కుడి వైపు కాదు, ఎడమ వైపు మోగించు" అంది.

శనగలు పోసి మూత బిగించిన పాత పౌడరు డబ్బా అది. నేను మోగించాను. వాడు ఏడుపు మధ్యలో ఒక్క క్షణం ఎడమకు చూడబోయి, మెడ రాక, నన్ను తిట్టినట్టు చూశాడు.

ఇంట్లో ఏం చేయాలో అక్కకు చేతులు పట్టుకుని నేర్పింది. పొద్దున తన దగ్గర, సాయంత్రం అక్క దగ్గర. మెలకువగా ఉన్నంతసేపు బోర్లా వేయాలి. మంచం తిప్పి, ఎడమ వైపు మనుషులు మసలేలా పెట్టాలి, వాడే అటు తిరగాలని తంటాలు పడాలి. మంచం తిప్పితే టీవీకి అడ్డం వస్తుందని బావ నసిగాడు. ఆ మాట నేను మేడమ్‌కు మోశాను. "మీ బావ మెడ కూడా ఒకసారి తీసుకురా" అంది.

అక్క బట్టల షాపులో కౌంటరు పనికి తిరిగి చేరింది. పొద్దున్నే నేను ఇద్దరినీ స్కూటరు మీద లాండ్రీ దగ్గర దింపేవాణ్ణి. పని చూసుకుని అక్క పిల్లాణ్ణి అత్తగారికి అప్పగించి షాపుకు వెళ్ళేది. రెండు నెలలు ఇలా గడిచాయి. మెడ అంగుళం కూడా దారికి రాలేదు. పైపెచ్చు మేడమ్ చెయ్యి పడగానే బిర్రబిగుసుకోవడం నేర్చుకున్నాడు.

మేడమ్ ఒకరోజు చేతులు తుడుచుకుంటూ అంది. "నువ్వు ఇంట్లో చెయ్యట్లేదు."

"చేస్తున్నాను మేడమ్. రోజూ చేస్తున్నాను. ఒట్టు."

"ఒట్లు నాకొద్దు. వీడి మెడ చెబుతోంది నాకు. రోజూ చేస్తే ఇలా ఉండదు."

"మీరు చూపించినట్టే..."

"ఇలాగే ఇంకొకావిడ, ఆసుపత్రిలో ఉండగా, నా ముందు నిలబడి ఒట్టేసింది. ఏదో ఫోన్ కూడా తీసి చూపించబోయింది. లోపల పెట్టమన్నాను. ఆఖరికి పిల్లాడికి కత్తి పడింది. ఎవరి వల్ల? దాని సోమరితనం వల్ల. నువ్వూ అదే దారిలో ఉన్నావు."

అక్క మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. కింద యంత్రం ఉస్సుమంటూ ఉంది. ఇక ఇక్కడికి రావద్దని నేను అన్నాను. షాపులో పొద్దంతా నిలబడి వచ్చి, తిండి కూడా తినకుండా పిల్లాడి మెడ పట్టుకుని కూర్చునే మనిషిని సోమరిపోతు అనే హక్కు ఆవిడకు ఎవరిచ్చారు? అక్క ముక్కు తుడుచుకుని, "నాకు తిట్లు పడితే పడనీ. వాడికి కత్తి పడకూడదు" అంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మెడల మేడమ్ చెప్పకుండా ఇంటికి వచ్చింది. అక్కకు ఆ రోజు సెలవు, బియ్యం తెద్దామని నాతో బజారుకు వచ్చింది. మేం తిరిగి వచ్చేసరికి గుమ్మంలో చెప్పులు విప్పి ఆవిడ నిలబడి ఉంది.

"దొంగను పట్టుకుందామని వచ్చారా?" అన్నాను. నా గొంతులో ఉన్నది మర్యాద కాదు.

"అందుకే వచ్చాను" అంది మొహమాటం లేకుండా. "తలుపు తీసే ఉంది. లోపల ఎవరో మీ వాడి చేత వ్యాయామం చేయిస్తున్నారు. రండి."

నడిమి గదిలో అక్క అత్తగారు చాప మీద కూర్చుని ఉంది. ముందు పిల్లాడు, పక్కన నీళ్ళ చెంబుకు ఆనించి నిలబెట్టిన ఫోన్. ఫోన్‌లో పలువరస డాక్టరు, ఆ తర్వాత రెండు చేతులు. ఆవిడ ఆ చేతులు ఏం చేస్తే అది చేస్తోంది, పెదవి కొరుక్కుంటూ, పరీక్ష రాసే పిల్లలా. అక్క తిప్పి పెట్టిన మంచం కూడా మళ్ళీ వెనక్కి తిప్పేసి ఉంది. మమ్మల్ని చూసి దొరికిపోయిన దొంగలా కాక, ఎదురుచూస్తున్న బహుమతి ముందే వచ్చినదానిలా నవ్వింది.

"పొద్దున మీరు, సాయంత్రం మా కోడలు. మధ్యలో నేనెందుకమ్మా ఖాళీగా కూర్చోవడం? మా అబ్బాయి ఫోన్‌లో వేసిచ్చాడు. రోజుకు మూడు పూటలు చేస్తాను."

"అత్తయ్యా! నాకు చెప్పలేదే?" అంది అక్క.

"మెడ తిరిగాక చెబుదామనుకున్నానే. అందరూ నాకేం తెలియదంటారుగా."

ఆ ఇంట్లో తల్లీకొడుకులిద్దరూ కలిసి ఒక పని శ్రద్ధగా చేయడం అదే మొదలు. అది కాస్తా పిల్లాడి మెడ మీద పడింది. అక్క ఇంటికి వచ్చే వేళకు అత్తగారు మంచాన్ని మళ్ళీ అక్క పెట్టినట్టే జరిపేసేదట కూడా, సంతోషం ముందే బయటపడిపోకుండా.

మేడమ్ తిట్టడానికి నోరు తెరిచి, ఫోన్ వైపు చూసి ఆగిపోయింది. చాప మీద కూర్చుని, ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్ళీ మొదటినుంచి పెట్టింది. తన ఎడమ చెయ్యి దాని పక్కన చాచింది. చిటికెన వేలు, చిన్నప్పుడు తలుపులో పడి నలిగినది, కొక్కెంలా వంకరగా ఉంటుంది. ఫోన్‌లో కూడా ఒక చేతికి వంకర వేలు ఉంది. కానీ అక్కడ అది కుడి చెయ్యి.

"బొమ్మ తిరగేశారు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మెల్లగా చెప్పింది, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. ఆసుపత్రి పేరు పెట్టడానికి ఒక మూల ఖాళీ కావాలి. ఆ మూలలో పాప తల ఉంది. బొమ్మను అద్దంలోలా అటుదిటు తిప్పేస్తే తల రెండో మూలకు పోతుంది, పేరుకు చోటు దొరుకుతుంది. డాక్టరు గొంతు ఎడమ అంటూనే ఉంటుంది, చేతులు మాత్రం కుడికి చేస్తుంటాయి. గొంతు వినేవాళ్ళెవరు? అందరూ చేతుల్ని చూసే నేర్చుకుంటారు. బిగుసుకున్న కండరాన్ని సాగదీసే బదులు, రోజుకు మూడు పూటలు ఇంకా కుదించి పెడుతున్నారు. మంచం కూడా అందులో చూపించినట్టే, వాడికి అలవాటైన వైపే.

ఒక పేరును మూలలో అందంగా కూర్చోబెట్టడానికి ఎన్ని మెడలు వంగి ఉంటాయో లెక్క ఎవరూ చూడలేదు. ప్రచార విభాగంలో ఒక్కడికి కూడా మనిషికి గుండె ఏ పక్క ఉంటుందో తెలియనక్కర్లేదన్నమాట.

"అయితే నేను ఇన్నాళ్ళూ వాడికి..." అంది అత్తగారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేడమ్ ఆవిణ్ణి కూడా కడిగేస్తుందనుకున్నాను. "మీరు చూసింది చూసినట్టు చేశారు పెద్దమ్మగారూ. అంత బాగా ఎవరూ చెయ్యరు. అదే వచ్చిన చిక్కు" అంది. తర్వాత అక్క వైపు చూడబోయి, చూడలేక, చాప మీది మడత సరిచేసింది.

మేడమ్‌ను తిరిగి లాండ్రీ దాకా స్కూటరు మీద దింపాను. దారిలో వెనకనుంచి తనే చెప్పింది. వీడియో విడుదల చేసేముందు ఒకసారి చూడమని ఆసుపత్రివాళ్ళు పిలిచారట. "నా చేతులు నాకు కొత్తా అన్నాను. వాళ్ళ ముఖాలు చూడటం ఇష్టం లేక వెళ్ళలేదు. ఆ తర్వాత తల్లులు తెచ్చి చూపించినా చూడలేదు." ఆసుపత్రివాళ్ళ మీద నాకున్న అసహ్యంలో కొంత వాటా ఆ నిమిషంలో ఆమెకు ఇచ్చేశాను. ఆమె దాన్ని కాదనలేదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాం. సూపరింటెండెంటు వీడియో చూశాడు, ఆమె వేలు చూశాడు, గడియారం చూశాడు. "సాంకేతికంగా చిన్న పొరపాటు" అన్నాడు. మెడ వంకరపోతే చిన్న పొరపాటు, తన పేరు వంకరపోతే ఏమంటాడో. సాయంత్రానికి వీడియో మాయమైంది. పొరపాటు జరిగిందని చెబుతూ ఒక్క ముక్క బయటికి రాలేదు. ఇంకా గొడవ చేయమని నేను ఎగదోశాను. "వాళ్ళతో నాకేం పని? నాకు వేరే చోట పని ఉంది, తీసుకెళ్తావా?" అంది.

అది ఒక జిరాక్స్ షాపు. యంత్రం దగ్గర ఒకామె నిలబడి కాగితాలు తిరగేస్తోంది. కౌంటరు కింద ఒక పిల్లాడు పాడైన కాగితాలతో ఆడుకుంటున్నాడు. తల నిటారుగానే ఉంది, కాలరెముక మీద మాత్రం కోసి కుట్టిన గీత. ఆసుపత్రిలో ఒట్టేసిన తల్లి ఈమేనని నాకు అప్పుడు అర్థమైంది.

"గుర్తున్నానా?" అంది మేడమ్.

"మెడల మేడమ్ కదా. ఎలా మర్చిపోతాను?"

"ఆ రోజు నిన్ను సోమరిపోతువన్నాను. తప్పు నీది కాదమ్మా. వీడియోలో బొమ్మ తిరగేసి ఉంది. నువ్వు రోజూ చేశావు, అందుకే మెడ అలా అయింది."

ఆమె యంత్రం ఆపలేదు. "నేను రోజూ చేశానని నాకు తెలుసు మేడమ్. దానికి మీరు వచ్చి చెప్పాలా?"

"నాకు తెలియదు. తెలిసింది కాబట్టి వచ్చాను."

"ఫోన్ చూపించాను ఆ రోజు. లోపల పెట్టమన్నారు."

"అవును."

"మా ఆయన కూడా మీ మాటే నమ్మాడు. ఇప్పటికీ నా వల్లే అంటాడు."

"పిలువు. అతనికీ చెబుతాను."

"అక్కర్లేదు. జనం ఉన్నారు, కాస్త పక్కకు జరగండి."

మేడమ్ పక్కకు జరిగింది. నిలబడే ఉంది, షాపులో రద్దీ తగ్గేదాకా, ఆ పిల్లాడు కాగితం పడవను ఆమె కాలి మీదికి నడిపేదాకా. ఆ తల్లి మళ్ళీ ఇటు చూడలేదు. వెళ్ళిపోయాం. క్షమించింది అని రాస్తే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది. క్షమించలేదు.

ఆ తర్వాత మా వాడి పని మొదటినుంచి మొదలైంది, పోయిన రెండు నెలలకూ కలిపి. మేడమ్ రోజూ రెండో పూట తనే ఇంటికి రావడం మొదలుపెట్టింది. అత్తగారిని మాన్పించలేదు. ఆవిడ వెనక నిలబడి, మోచేతులు పట్టుకుని, ఎడమ భుజం మీద ఎడమ చెయ్యి వేయించింది. "గట్టిగా కాదు పెద్దమ్మగారూ, పిండి పిసకట్లేదు మీరు." ఆవిడ తప్పు చేస్తానేమోనని మొదట జంకేది, తర్వాత బావకు నేర్పడం మొదలుపెట్టింది. "ఆ ఫోన్ అవతల పడేసి ఇటు రా. నీ వల్లేగా ఇదంతా!" టీవీ వంటింటి గోడకు మారింది. బావ ఆవిరి మధ్య నిలబడి టీవీ చూసేవాడు. ఆ దృశ్యం కోసమైనా నేను రోజూ వెళ్ళేవాణ్ణి.

ముందు వాడు బల్ల మీద బిగుసుకోవడం మానేశాడు. తర్వాత ఒకరోజు, ఎవరూ డబ్బా మోగించకుండానే, అక్క ఎడమవైపునుంచి గదిలోకి వస్తుంటే, తల తిప్పి పూర్తిగా చూశాడు. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది, కదిలితే ఆ చూపు పోతుందేమోనన్నట్టు. ఏడాది నిండే ముందు డాక్టరు మెడను అన్ని వైపులా తిప్పి చూసి, కత్తి అక్కర్లేదన్నాడు. తల వెనక చదును కొంచెం మిగులుతుంది, జుట్టులో కలిసిపోతుందన్నాడు. అత్తగారు వీధి వీధంతా తన చేతుల మహిమే అని చెప్పుకుంది. చెప్పుకోనిమ్మని అక్క ఊరుకుంది.

ఆఖరిసారి వాణ్ణి చూపించడానికి లాండ్రీ మేడ ఎక్కినప్పుడు లోపల ఒక కొత్త తల్లి ఉంది. నేను రోజూ చేస్తున్నాను మేడమ్, ఒట్టు, అంటోంది. మేడమ్ ఆమె ఫోన్ అడిగి తీసుకుంది. ఆమె ఇంట్లో చేసేటప్పుడు తీసిన వీడియోను మొదటినుంచి చివరిదాకా చూసింది. తర్వాత, చూసి కూడా, ఆ తల్లిని ఝాడించింది. దిండు ఎక్కడ పెట్టావు, భుజం ఎందుకు వదిలేశావు అని. ఆ తల్లి వెళ్ళాక మా వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, మెడ ఇటూ అటూ తిప్పి, బుగ్గ మీద ఒక్కటి చిన్నగా వేసి, "ఇక రాకు" అంది వాడితో.

"ఏంటి మేడమ్, తల్లుల మాట నమ్మడం మొదలుపెట్టినట్టున్నారు?" అన్నాను.

"నమ్మడమా? నేనా?" అంది, రెగ్జిను తుడుస్తూ. "ఇదివరకైతే చూడకుండానే కాదనేదాన్ని. ఇప్పుడు చూసి నమ్మట్లేదు. అంతే తేడా."